ఊరికా నది అవతలి గట్టు

మొన్న మా అమ్మాయి కారులో నా పక్కన కూర్చుని కమలాపండు ఒలిచింది. మా ఎడారి ఊరు చాండ్లర్‌లో చలికాలపు ఎండ కూడా అద్దంలోంచి చురుక్కుమంటుంది. ఆ వేడికి తొక్క వాసన కారంతా కమ్మేసింది. అది తొక్కల్ని కవర్లో పడేయబోతుంటే, "ఆగు, డాష్‌బోర్డ్ మీద పెట్టు" అన్నాను. "వై అమ్మా? అది ట్రాష్ కదా" అంది తన అమెరికా యాసలో. ఎందుకో ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాలేదు. ఆ వాసన తగిలితే చాలు, నాకు దీనమ్మ ఆంటీ గుర్తొస్తారు. ఆవిడ కారు డాష్‌బోర్డ్ మీద ఎప్పుడు చూసినా ఎండిపోయిన కమలా తొక్కలు ఉండేవి. ఆవిడని ఎన్నడూ చూడని వాళ్లకి ఆవిడ గురించి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలో తెలియక ఇన్నేళ్లూ ఊరుకున్నాను. తొక్కల దగ్గర మొదలుపెట్టవచ్చని ఆ రోజు తోచింది.

డెబ్బైల చివర్లో నేను చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఆఫీసుకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకున్నాను. కాకినాడ పిల్లని, ముక్కు మీద కోపం. బస్సు ఆలస్యమైనా కోపం, లిఫ్ట్ ఆలస్యమైనా కోపం. అందరూ కలిసి బట్టలు ఉతుక్కునే గదిలో మెషిన్ ఖాళీ లేకపోతే ఇంకా కోపం. అలా ఒక సాయంత్రం బట్టల బుట్ట చంకన పెట్టుకుని మండిపడుతుంటే, మూల బెంచీ మీద కూర్చున్న ఒకావిడ తెలుగులో పలకరించారు. నేతచీర, దాని మీద స్వెటర్, కాళ్లకి కాన్వాస్ బూట్లు. తిరుగుతున్న మెషిన్ గాజుతలుపు వంక సినిమా చూస్తున్నంత శ్రద్ధగా చూస్తున్నారు.

"నువ్వేనా, మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చిన అమ్మాయివి? ఆఫీసు నించి నడిచొస్తావటగా. ఇవాళ దారిలో ఏం చూశావు?"

"ఏముంటుందండీ చూడ్డానికి? రోడ్డు, కార్లు."

"రోజూ అవే కార్లా?" అన్నారావిడ, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మర్నాడు నడుస్తూ నడుస్తూ ఆ ప్రశ్నే తలచుకుని కార్ల వంక చూశాను. ఒక ఇంటి ముందు టైర్లు తీసేసిన కారులో పిల్లి ఈని ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఆ సాయంత్రం ఉతికే బట్టలేమీ లేకపోయినా కిందికి దిగాను.

ఆవిడ విశాఖపట్నంలో స్కూల్లో సైన్స్ టీచరుగా పనిచేశారు. ఆవిడ భర్త ప్రకాశరావు గారిది ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఎరువుకి కావలసిన ఫాస్ఫేటు మొరాకో నుంచి ఓడల్లో వచ్చేది. సరుకు నాణ్యత అక్కడే చూసుకోవడానికి కంపెనీ వాళ్లు ఆయన్ని మొరాకో పంపితే, భార్యాభర్తలిద్దరూ మరాకేష్ ఊళ్లో కాపురం పెట్టారు. ఆయన అక్కడే గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఆంటీ కాలిఫోర్నియాలో ఉన్న తమ్ముడి దగ్గరికి వచ్చి, ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పని సంపాదించుకుని, సొంతంగా ఉండసాగారు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక హాలు అడిగి తీసుకుని జరుపుకునే మా తెలుగు ప్రార్థనకూటంలో పిల్లలకి బైబిలు కథలు చెప్పేదీ ఆవిడే. ఆ కథల్లోనూ ప్రశ్నలే. గాడిద మాట్లాడినప్పుడు దాని చెవులు ఎటు ఉన్నాయి అని అడిగితే పిల్లలు నోళ్లు తెరిచేవారు.

నేను రోజూ దారిలో చూసినవి ఆవిడకి అప్పగించడం అలవాటైపోయింది. ఒకరోజు మా మేనేజర్‌కి నా మీద కోపం వచ్చిందని గోలపెట్టాను.

"కోపం కనపడిందా? ఎలా ఉంది?"

"కోపం ఎలా ఉంటుందండీ? కేబిన్ తలుపు ధడాల్న వేశాడు."

"అయితే తలుపు ధడాల్న పడిందని చెప్పు. గాలికి పడిందేమో! చూసింది వేరు, అనుకున్నది వేరు. రెండూ కలిపి రాస్తే నా దగ్గర మార్కులు కట్."

అది అడ్డంగా వాదించడమే అనిపించింది. కానీ మర్నాడు గమనిస్తే ఆ తలుపు ఎవరు వదిలినా అలాగే పడుతోంది. స్ప్రింగు పోయింది. నా కోపాల్లో సగం అలాంటి తలుపుల వల్లేనని తెలుసుకోవడానికి నాకు ఇంకొన్నేళ్లు పట్టింది.

శనివారాలు ఆవిడ తన పాత స్టేషన్ వ్యాగన్ తీసి శాంటా క్రూజ్ కొండల్లోని ఒక వాగు దగ్గరికి బయల్దేరేవారు. ఎవరైనా రావచ్చు. ఒకటే నియమం, సీట్లన్నీ నిండితే గాని కారు కదలదు. మొదటిసారి నేను పొద్దున్నే తయారై కూర్చుంటే ఒక సీటు ఖాళీ. ఆవిడ ఇంజను ఆపేసి, తాళంచెవి ఒళ్లో పెట్టుకుని, కమలాపండు ఒలుస్తూ కూర్చున్నారు.

"ఇంకెవరో వస్తామన్నారా ఆంటీ?"

"లేదు."

"మరి ఎవరి కోసం వెయిట్ చేస్తున్నాం?"

"అదే చూద్దాం, ఎవరొస్తారో."

మరాకేష్‌లో ఉన్నప్పుడు వాళ్లకి కారు లేదు. ఆదివారాలు ఆ ఊరికి దక్షిణాన ఉన్న ఊరికా లోయకి షేర్ టాక్సీలో వెళ్లేవారు. పాత మెర్సిడెస్ కారు. డ్రైవర్ పక్కన ఇద్దరు, వెనక నలుగురు. ఆరుగురూ కుదిరితేనే బండి బయల్దేరుతుంది. తొందరున్నవాళ్లు ఖాళీ సీటుకి కూడా డబ్బిచ్చి వెళ్లిపోవచ్చు. ఆంటీ ఏనాడూ అలా వెళ్లలేదట. డబ్బు మిగులుతుందనే మొదట్లో ఆగేవారు గానీ, తర్వాత ఆరో మనిషి ఎవరో చూడాలన్న కుతూహలమే ఎక్కువైందని చెప్పారు. ఒకసారి కోడిపుంజుతో పెళ్లికొడుకు, ఇంకోసారి తలుపు కొనుక్కుని దాన్ని కారు పైన కట్టించిన ముసలమ్మ. మాటలు తక్కువ మనిషైన ప్రకాశరావు గారు జీవితం మొత్తం మీద వేసిన జోకు ఒకటేనట. "పేరే ఊరికా, ఊరికే పోయొద్దాం పద" అని.

ఆ మొదటి శనివారం మా కారులో ఖాళీ సీటుకి వచ్చింది ఫ్రాంక్. కింది వాటాలో ఉండే రిటైరైన పెద్దాయన. కారు దగ్గరికొచ్చి, "రూమ్ ఫర్ వన్ మోర్?" అని అడిగాడు. ఆంటీ తల ఊపారు. మనవాళ్లం సరే అనడానికి తల పక్కకి వాలుస్తామే, అలా. ఆవిడ ఊపు ఇంకా ఘనంగా ఉండేది. కుడిచెవి వెళ్లి భుజాన్ని పలకరించి వచ్చేది. ఫ్రాంక్ అది చూసి, "ఓ, సారీ" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆంటీ కారు దిగి, కాన్వాస్ బూట్లతో పార్కింగ్ స్థలమంతా పరిగెత్తి ఆయన్ని పట్టుకొచ్చారు. "అయ్యో, నేను ఎస్ అంటే నువ్వు పోతావేంటయ్యా!" అని తెలుగులోనే కేకలేశారు. తను తల ఊపినట్టు ఆవిడకి తెలియనే తెలియదు. మేం చెప్పినా నమ్మలేదు. ఆనాటి నుంచి ఫ్రాంక్ ఎప్పుడు కనపడినా హలో చెప్పకుండా, చెవిని భుజానికి తాకించి వెళ్లేవాడు.

ఎనభైల్లో ఒక వసంతకాలం శనివారం, ఆ కొండవాగు దగ్గరే ఆంటీ నన్నొక చిత్రమైన పని చేయమన్నారు. అవతలి గట్టుకి వెళ్లి నిలబడమన్నారు. ఇవతల నుంచి ఏదో అన్నారు. "వినపడిందా?" "వినపడింది, ఆకలేస్తోందా అన్నారు" అన్నాను. ఆవిడ నిరాశగా తల పక్కకి తిప్పుకున్నారు. "ఇది పిల్లకాలువ. దీనితో తేలదు" అన్నారు.

"ఏం తేలదు ఆంటీ?"

అప్పుడు చెప్పారు. ఊరికా లోయలో రోడ్డు ఆగిపోయేచోట నది మీద చెక్కపలకల వంతెన ఉంటుంది. అది ఊగుతుంది. ఆవిడకి భయం. అంకుల్ ప్రతిసారీ వంతెన దాటి అవతల తెల్లసున్నం వేసిన గోడ పక్కన నిలబడి ఇటు చూసేవారు. ఆంటీ ఇవతల వాల్‌నట్ చెట్టు కింద కూర్చునేవారు. చివరిసారి వెళ్లినప్పుడు టాక్సీలో ఆయన ఒక ప్రశ్న అడిగారు. ఆంటీ దారి పొడుగునా జవాబు చెప్పలేదు. ఆయన వంతెన దాటి వెళ్లాక, ఒక్కసారిగా మనసు తేలికపడి, ఇవతల నుంచి జవాబు అరిచారు. ఆయన చెయ్యి ఊపారు. తిరిగొచ్చాక ఆ ఊసు ఎత్తలేదు. ఆవిడ ఒలిచిచ్చిన కమలాపండు తిన్నారంతే. అసలే మాటలు తక్కువ మనిషి కదా, వినే ఉంటారు, ఇక అయిపోయిందిలే అనుకున్నారు ఆంటీ. ఆ వారంలోనే పనిచేసే చోట ఆయన ప్రాణం పోయింది.

"అప్పట్నించీ ఇదే నాకు. ఆయన విని చెయ్యూపారా, ఊరికే ఊపారా? నా జవాబు తెలిసి పోయారా, తెలియకుండా పోయారా?"

"వినే ఉంటారు ఆంటీ."

"అది నువ్వు అనుకునేది" అన్నారావిడ. కోపం లేదు. ల్యాబులో పిల్లలకి చెప్పినంత మామూలుగా అన్నారు.

నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ ఉందో ఆ క్షణంలో తెలిసింది. మరుసటి ఏడాది నేను మొదటిసారి కాకినాడ వెళ్లవలసి ఉంది. "ఇద్దరం కలిసి వెళ్దాం, దారిలో మొరాకోలో దిగుదాం. మీరు ఇవతల అరవండి, నేను అవతల నిలబడతాను" అన్నాను. ఆవిడ తల భుజానికి వాలింది. న్యూయార్క్ నుంచి కాసాబ్లాంకాకి టికెట్లు వెతికిందీ, వీసాలకి పాస్‌పోర్టులు పోస్టులో పంపిందీ అన్నీ ఆవిడే. వెళ్లేది కూడా సరిగ్గా అంకుల్‌తో చివరిసారి వెళ్లిన ఋతువులోనే, కొండ మీద మంచు కరిగే రోజుల్లో వెళ్లాలని పట్టుబట్టారు. నీళ్లు తక్కువగా ఉంటే ఆ వినికిడి లెక్కలోకి రాదట.

మరాకేష్‌లో ఊరిగోడ బయట టాక్సీల స్టాండ్. దుమ్ము, డీజిల్ పొగ, పుదీనా కట్టలమ్మే వాళ్ల కేకలు. ఆంటీ బజారులో రొట్టెలు, ఆలివ్‌కాయలు, కమలాపళ్లు కొని గుడ్డలో మూటకట్టారు. మేమిద్దరం, మేకతోలు సంచితో ఒక రైతు, ముసుగు వేసుకున్న తల్లీకూతుళ్లు, మొత్తం అయిదుగురం. ఇక ఎవరూ రావడం లేదు. ఎండ ఎక్కుతోంది. ఇన్నేళ్లుగా ఆవిడ మోస్తున్న ప్రశ్న ఆ రోజు తేలబోతుంటే, ఒక్క ఖాళీ సీటు కోసం కూర్చోవడం నాకు అసహ్యమనిపించింది.

"ఆ సీటు డబ్బు నేనిచ్చేస్తాను ఆంటీ, ప్లీజ్. సాయంత్రం తిరుగు బండి దొరకకపోతే మన పని ఏమవుతుంది?"

"కూర్చో. నాకు మాత్రం తొందర లేదా?" అన్నారు. ఒళ్లోని మూటని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నారు. అప్పుడు అర్థమైంది, ఆవిడకి తెలుసుకోవాలనీ ఉంది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది. నేను పక్కన కూర్చున్నాను. చివరికి వచ్చిన ఆరో మనిషి ఒక కుర్ర టీచరమ్మ. కొండ ఊళ్లో బడికి వెళ్తోందట. ఆంటీ తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, చేతులతో, తనూ టీచర్నేనని ఆ అమ్మాయికి చెప్పుకున్నారు. దారంతా ఇద్దరూ సుద్దముక్కల గురించి మాట్లాడుకున్నారని నా నమ్మకం. అనుకున్నదే, చూసింది కాదు.

ఎర్రమట్టి ఊళ్లు, గాడిదల మీద గడ్డి మోపులు, దూరాన ఎండలో మెరుస్తున్న మంచుకొండ. లోయలోకి దిగిన కొద్దీ రోడ్డు సన్నబడింది, నది పక్కకొచ్చి చేరింది. బండి ఆగేచోట దిగగానే చెవులు నిండిపోయాయి. కరిగిన మంచునీళ్లు బండరాళ్ల మీద పడి దూకుతున్నాయి. గట్టున మట్టిపాత్రల్లో కూరలు ఉడుకుతున్నాయి. ఆంటీ ఎటూ చూడకుండా తిన్నగా వాల్‌నట్ చెట్టు దగ్గరికి నడిచారు. చెట్టు ఉంది. అవతల తెల్లగోడ ఉంది. వంతెన మాత్రం మారిందట. పాతది వరదకి పోయి ఉంటుంది అన్నారు, వెంటనే "అది అనుకోవడమేలే" అని దిద్దుకున్నారు.

"నేనేం అరుస్తానో చెప్పను. తెలిస్తే నీ చెవి అదే వింటుంది. గోడ పక్కన నిలబడి చెయ్యెత్తు. వచ్చి ఉన్నదున్నట్టు చెప్పు. నన్ను సంతోషపెట్టడానికి ఒక్క అక్షరం కలిపావంటే, నీతో ఇక మాట్లాడను."

వంతెన నిజంగానే ఊగింది. మధ్యలో పలకల సందుల్లోంచి నీటి తుంపర నా కాళ్ల మీద పడింది. గోడ పక్కకి వెళ్లి చెయ్యెత్తాను. అవతల చెట్టు కింద ఆంటీ లేచి నిలబడ్డారు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచారు. నోరు తెరుచుకోవడం, పైట ఎగరడం కనపడ్డాయి. మాట లేదు. నాకు వినపడింది ఒక్క నీళ్ల హోరే. ఆంటీ మళ్లీ అరిచారు. మళ్లీ నీళ్లే. చేతులు దించి, నా వంక చూస్తూ నిలబడ్డారు. ఏం చేయాలో తోచక చెయ్యి ఊపాను. ఇదే గోడ పక్కన నిలబడి ఆయన చేసింది కూడా ఇదే.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన ఊగడం నేను గమనించలేదు. అబద్ధం చెబుదామా అన్నదొక్కటే ఆలోచన. ఆవిడ ముఖం చూశాక అది కుదరదని తెలిసిపోయింది.

"వినపడలేదు ఆంటీ."

"ఒక్క ముక్కయినా?"

"లేదు. నీళ్లే."

ఆవిడ రొట్టెలమూట ముడి విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పారు. "మంచిది. ఉన్నదే చెప్పావు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఒక్కసారిగా ముసలివారైపోయినట్టు కనిపించారు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆంటీ, ఏళ్ల తరబడి బట్టలుతికే గదిలో బెంచీ మీద కూర్చుని అడిగినట్టే, అలవాటు కొద్దీ అడిగారు.

"ఇంకా ఏం చూశావు?"

"మీరు చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచారు. పైట ఎగిరింది. రెండోసారీ అరిచారు. అరిచిన ప్రతిసారీ సరే అన్నారు."

"వినపడలేదన్నావుగా!"

"వినపడలేదు. తలతో అన్నారు. చెవి భుజానికి తగిలింది."

ఆంటీ నా వంక తిరిగారు. "నేను తల ఊపానా?"

"ఊపారు. రెండుసార్లూ ఊపారు. ఫ్రాంక్‌కైనా తెలిసేది."

"ఇక్కణ్ణించి అక్కడికి కనపడిందా?"

"స్పష్టంగా కనపడింది ఆంటీ. మీరేం అన్నారో నాకు తెలీదు. దేనికో ఒప్పుకున్నారని మాత్రం తెలుసు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చెప్పలేను, భుజాలు మాత్రం కదిలాయి. "అమెరికా వెళ్లిపోదామా, మళ్లీ మొదట్నించి మొదలుపెట్టగలవా అని అడిగారే ఆయన. ఎక్కడికంటే అక్కడికి, మీతో వస్తాను అన్నాను" అన్నారు.

"అంటే ఆంటీ, అంకుల్‌కి తెలిసే..."

"ఆగు." చెయ్యి అడ్డం పెట్టారు. "కనపడుతుందన్నది చూసిన సంగతి. ఆయన చూశారన్నది అనుకున్న సంగతి." కమలాపండు తీసి ఒలవడం మొదలుపెట్టారు. తొక్కని గుడ్డ మీద పరిచారు. అప్పుడు సగం పండు నా చేతిలో పెట్టి, "అయినా, ఈ ఒక్కసారికీ అనుకుందాంలే" అన్నారు.

తిరుగు టాక్సీ నిండేదాకా ఆ సాయంత్రం ఎంతసేపు కూర్చున్నామో నాకు గుర్తులేదు. తొందర మాత్రం లేదు. ఆంటీ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు, చివరిదాకా శనివారాలు కారు నింపుతూనే ఉన్నారు. నేను పెళ్లి చేసుకుని, ఉద్యోగం మారి చాండ్లర్ వచ్చాను. ఆవిడ దగ్గర చూడడం నేర్చుకున్నాను. ఆ నది దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. మనకి చెప్పిన మాట మనకి చేరిందని అవతలి మనిషికి తెలియాలి. అందుకే ఇంట్లో ఎవరేం చెప్పినా "విన్నాను" అని పైకి అంటాను. ఉప్పు తక్కువైందన్నా, ఆఫీసు నుంచి ఆలస్యమవుతుందన్నా, "విన్నాను." మా ఆయన, పిల్ల కలిసి నన్ను ఆటపట్టిస్తారు. పట్టించుకోను.

మొన్న కారులో ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు, "తొక్కలు అక్కడే ఉండనీ, సరేనా?" అన్నాను. దాని నోటి నిండా కమలాతొనలు. తల్లి భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడే పిల్ల, కిటికీలోంచి బయటికి చూస్తూనే, తల భుజం మీదికి వాల్చింది.

"చూశాను" అన్నాను.